రాజోలులో ఉండిపోయిన ఫొటో

కృపారావుకి చిన్నతనం నుంచీ ఒక అనుమానం ఉండేది. మోకాళ్ల మీద కూర్చుని మనం చెప్పుకున్న మాట పైకి చేరేసరికి మనం చెప్పినట్టే ఉంటుందా, లేక దారిలో ఎక్కడో ఒక ముక్క జారిపోతుందా అని. సండే స్కూల్లో అడిగితే టీచరమ్మ చెవి మెలేసింది. పెళ్లయి, ఇద్దరు పిల్లల తండ్రయి, సంఘంలో పెద్ద అనిపించుకున్నాక ఒకసారి పాస్టరు గారిని అడిగాడు. "దేవుడికి భాష అడ్డమా కృపారావూ?" అని ఆయన నవ్వేశారు. అతను అడిగింది భాష సంగతి కాదు, చేరడం సంగతి. పెద్దాయన్ని రెండోసారి అడగడం బాగుండదని ఊరుకున్నాడు. ప్రార్థన మాత్రం ఒక్క పూట కూడా మానలేదు. ఆమెన్ అన్నాక మటుకు ఒక్క క్షణం ఆగేవాడు, అవతల ఎవరైనా అందిందని చెబుతారేమో అన్నట్టు.

రాజోలు సెంటర్లో అతనికి చిన్న డి.టి.పి. షాపు ఉండేది. ఒక కంప్యూటరు, ఒక ప్రింటరు, చేత్తో పట్టుకుని కాగితం మీద జరిపే చిన్న స్కానరు. శుభలేఖలు, దస్తావేజులు, క్రిస్మస్ కరపత్రాలు, వర్ధంతి కార్డులు. చదివింది పదో తరగతే అయినా అక్షరం కుదురుగా కూర్చోబెట్టడంలో అతనికి పేరుంది. అచ్చుతప్పు కనిపిస్తే అన్నంలో రాయి తగిలినట్టు బాధపడేవాడు.

2001 జూన్‌లో ఒక ఆదివారం, ఆరాధన నుంచి ఇంటికొచ్చి చొక్కా విప్పుతుంటే ఫోను మోగింది. కువైట్ నుంచి శ్యామ్ సుందర్. తాటిపాక మనిషి, అక్కడో కంపెనీలో గుమస్తా.

"అన్నయ్య గారూ, కూర్చుని వినండి. కరుణక్క తను పనిచేసే ఇంటి పక్కింట్లోంచి నాకు ఫోను చేసిందండి. రెండు నిమిషాలే మాట్లాడింది."

కరుణ కృపారావు చెల్లెలు. భర్త పోయాక, నాలుగేళ్ల కిందట ఇంటిపని చేయడానికి కువైట్ వెళ్లింది. పదకొండు నెలలుగా జీతం లేదు. పాస్‌పోర్టు ఆ ఇంటి యజమాని బీరువాలో ఉంది. ఫిబ్రవరి నుంచి ఆమె దగ్గర్నుంచి ఫోను కూడా లేదు.

"బుధవారం మధ్యాహ్నం అక్కని వేరే దేశంలో యజమాని తమ్ముడింటికి పంపేస్తారంటండి. సరిహద్దు దాటిందంటే ఇంక ఎవర్ని అడగాలో కూడా మనకి తెలవదు. ఇక్కడ మన ఎంబసీలో ఒక సారుని కలిసేను. మంచాయన. ఆ పేరు గల ఆడవాళ్లు ఈ ఊళ్లో పదిమంది ఉన్నారయ్యా, సొంతవాళ్లు రాసిన అర్జీ, ఫొటో, పాస్‌పోర్టు నంబరు నా చేతిలో ఉంటే అప్పటికప్పుడు ఆ ఇంటికి ఫోను చేస్తాను అన్నారు. బుధవారం లోపల అందాలండి. గురువారం, శుక్రవారం ఇక్కడ సెలవులు."

కృపారావు కూర్చోలేదు. భార్య ఎలీసమ్మ కంచంలో అన్నం పెట్టి పిలుస్తుంటే షాపు తాళాలు తీసుకుని వెళ్లిపోయాడు.

ఆ సాయంత్రానికి అర్జీ తయారైంది. పైన ఆశీర్వాదం అడుగుతున్నట్టు నమస్కారం, మధ్యలో విషయం, కుడివైపు గడిలో కరుణ ఫొటో, చుట్టూ సన్నని గీత. అలవాటు కొద్దీ మూలల్లో చిన్న పువ్వులు కూడా పెట్టి, మళ్లీ సిగ్గుపడి తీసేశాడు. విషయమంతా తెలుగులోనే రాశాడు. అతని ఇంగ్లీషు నమ్మదగింది కాదు. శ్యామ్ సుందర్ అక్కడే కూర్చుని సారుకి ఇంగ్లీషులో చెబుతానన్నాడు.

సోమవారం పొద్దున్నే ఎస్.టి.డి. బూత్ నుంచి ఫ్యాక్సు చేశాడు. గంట తర్వాత శ్యామ్ సుందర్ ఫోను. "అక్షరాలు అలికేసినట్టున్నాయండి. ఫొటో అయితే మసిగుడ్డే. ముక్కేదో కన్నేదో తెలవట్లేదు. కంప్యూటర్లో పంపండి, నా ఆఫీసు మెయిలుకి."

రాజోలులో అప్పటికి ఇంటర్నెట్ లేదు. అమలాపురంలో సత్యశ్రీ అనే ఆవిడ నడిపే కేంద్రం ఉంది. ముప్ఫై ఏళ్ల మనిషి, భర్త కాలేజీలో లెక్చరరు. ఆమె పెళ్లికి శుభలేఖ కొట్టింది కృపారావే. మంగళవారం ఫ్లాపీ పట్టుకుని బస్సెక్కి అక్కడికి వెళ్లాడు.

సత్యశ్రీ ఫ్లాపీ పెట్టి ఫైలు పేరు చూసింది.

"వర్డ్ డాక్యుమెంటా బాబాయి గారూ?"

"ఆయ్. ఫొటో, అక్షరాలు అన్నీ అందులోనే ఉన్నాయమ్మా."

"ఇలాంటి ఫైళ్లతో వైరసులొస్తున్నాయని కంపెనీల వాళ్లు గుమ్మంలోనే ఆపేస్తున్నారండి. వెబ్ పేజీగా చేసుకురాకపోయారా? ఏ కంప్యూటర్లోనైనా తెరుచుకుంటాది."

కృపారావుకి వెబ్ పేజీ మాట నచ్చలేదు. ఆ కేంద్రంలోనే ఒకట్రెండు సార్లు చూశాడు. ఒక కంప్యూటర్లో వెడల్పుగా, ఇంకో దాంట్లో ఇరుగ్గా, ఎక్కడ పడితే అక్కడ విరిగిపోయే వరసలు. అర్జీ అంటే అర్జీలా ఉండాలి కదా.

"డాక్యుమెంటంటే క్యారేజీ లాంటిదమ్మా. అన్నం, కూర, పెరుగు అన్నీ మూత పెట్టి పంపుతాం. ఇక్కడ ఎలా సర్దేనో అక్కడ అలాగే ఉంటాది."

"క్యారేజీ లోపలికి రానిస్తే కదండీ. పేజీ అయితే విస్తరి లాంటిది, ఎక్కడైనా పరుచుకోవచ్చు. వడ్డించేవి మటుకు వేరేగా పట్టుకెళ్లాలి."

ఆ చివరి మాట ఆమె నవ్వుతూ అంది. అతనూ నవ్వి వదిలేశాడు. "ఇలాగే పంపమ్మా. ఇంత పద్ధతిగా రాసింది వాళ్లెందుకు ఆపుతారు?"

పంపింది. సాయంత్రం ఇంటికి ఫోను వచ్చింది. కంపెనీ కంప్యూటరు ఆ ఫైలుని తీసేసి, తీసేశామని ఒక చీటీ మాత్రం శ్యామ్ సుందర్‌కి ఇచ్చింది. ఒక రోజు పోయింది.

రాత్రి అన్నం వడ్డిస్తూ ఎలీసమ్మ అంది, "ఆవిడ చెప్పిందంట కదండీ. వినాల్సింది."

"ఆయ్. వినాల్సింది," అన్నాడు.

బుధవారం తెల్లవారగానే షాపు తీసి అదే అర్జీని వెబ్ పేజీగా మార్చాడు. కంప్యూటరు ఇంగ్లీషులో ఏదో ప్రశ్న అడిగింది. ఎప్పట్లాగే అవునని నొక్కాడు. పేజీ తయారైంది, ఫొటోతో సహా తెర మీద చక్కగా కనబడింది. పక్కనే అదే పేరుతో ఒక సంచీ బొమ్మ కూడా వచ్చింది. అది కంప్యూటరు తన సామాను దాచుకునేదేమో అనుకున్నాడు. పదేళ్లుగా అతని వ్యాపారంలో ఒక పనికి ఒక ఫైలు. పని తెచ్చిన వాళ్లకి ఇచ్చేటప్పుడు ఆ ఒక్కటీ ఫ్లాపీలోకి ఎక్కించి చేతిలో పెట్టేవాడు. ఇవాళా అదే చేశాడు. ఎందుకైనా మంచిదని కరుణ అసలు ఫొటో చొక్కా జేబులో పెట్టుకున్నాడు. అదెందుకో అతనికే తెలియదు. దగ్గర ఉంటే ధైర్యమనుకున్నాడేమో.

పి. గన్నవరం దగ్గర కొబ్బరికాయల లారీ అడ్డం తిరిగి బస్సు ముప్పావు గంట ఆగిపోయింది. జనం దిగి కబుర్లు చెప్పుకుంటున్నారు. కృపారావు సీట్లోనే కూర్చుని ఫ్లాపీని రెండు చేతుల మధ్య పట్టుకుని కళ్లు మూసుకున్నాడు. ప్రార్థన చేద్దామంటే మాటలు రాలేదు. పేరు ఒక్కటే వచ్చింది. కరుణ, కరుణ, కరుణ. ఇది చేరుతుందా ప్రభువా, ఒక్క పేరు పంపితే నీకు అర్థమవుతుందా అని అడుగుదామనుకుని, అడగడానికి భయపడ్డాడు.

పదకొండింటికి సత్యశ్రీ పేజీ పంపించింది. పన్నెండున్నరకి జవాబు వచ్చింది. ఇద్దరూ తెర మీదికి వంగి చదివారు.

'అన్నయ్య గారూ, పేజీ తెరుచుకుంది. కానీ ఫొటో ఉండాల్సిన గడి ఖాళీగా ఉంది, మూలన చిన్న ఎర్ర గుర్తు ఉంది. అక్షరాలు తెలుగు కాదు, ఇంగ్లీషు ముక్కలు ఇసక పోసినట్టు ఉన్నాయి. ఇది పట్టుకెళితే సారు నన్ను బయటికి పంపేస్తారు. మన టైము రెండింటికి నేను ప్రింటు తీసుకుని బయల్దేరాలి. ఆ తర్వాత వెళ్లినా లాభం లేదు.'

కృపారావు పక్కనున్న స్టూలు మీద కూలబడ్డాడు.

"బాబాయి గారూ, ఆ పేజీతో పాటు ఒక ఫోల్డరు వచ్చుండాలి. అది తెచ్చేరా?"

"సంచీలా ఉంది, అదా?"

"అదేనండి. ఫొటో దాంట్లో ఉంటాది. పేజీలో ఫొటో పేరు మటుకే ఉంటాది."

"అది రాజోలులో ఉండిపోయిందమ్మా."

నిన్న ఆమె నవ్వుతూ చెప్పిన విస్తరి మాట ఇద్దరికీ గుర్తొచ్చినట్టే ఉంది. సత్యశ్రీ మెల్లగా అంది, "అక్షరాల సంగతి నేనూ ఆలోచించలేదండి. మీ తెలుగు ఫాంటు మీ కంప్యూటర్లో ఉంది. వాళ్ల దగ్గర లేదు. డాక్యుమెంటు వెళ్లినా ఇదే గోల అయ్యేది."

అయితే ఆదివారం నుంచి తను పడ్డ పాటంతా తన షాపు గుమ్మం దాటితే ఎక్కడా తెలుగు కాదన్నమాట. ఆ గీతలు, ఆ నమస్కారం, ఆ కుదురు అన్నీ తన ఒక్కడి కంటికే. కృపారావు రెండు చేతుల్తో మొహం రుద్దుకున్నాడు. రాజోలు వెళ్లి రావాలంటే మూడు గంటలు. ఉన్నది గంటన్నర. అక్కడ ఒక ఆడమనిషి బట్టలు మూట కట్టుకుని, అన్నయ్య ఏదో చేస్తాడని గుమ్మం వైపు చూస్తూ ఉంటుంది. అన్నయ్యకి పెళ్లికార్డులు అందంగా కొట్టడం వచ్చు.

చేతులు తీసి మళ్లీ తెర మీదికి చూశాడు. శ్యామ్ సుందర్ ఉత్తరం అక్కడే ఉంది. అప్పుడు తట్టింది. అది తెలుగే. ఇంగ్లీషు అక్షరాల్లో రాసిన తెలుగు. తను ఒక్క చోట కూడా తడుముకోకుండా చదివాడు, భయపడ్డాడు, కూలబడ్డాడు కూడా.

"అమ్మా, ఇతను రాసినట్టే రాసేద్దామా?"

"నేనూ అదే అనుకుంటున్నానండి. గీతలూ గడులూ ఏవీ వద్దు. ఉత్త పేజీ. ఫొటో పక్కన పెట్టి రెండూ కలిపి పంపుదాం. మరి ఫొటో?"

అతను జేబులోంచి తీసి చూపించాడు.

"నా దగ్గర స్కానరు లేదు. వెనక వీధిలో ఆదినారాయణ గారి స్టూడియోలో ఉంది. పరిగెత్తండి. చిన్నది చెయ్యమని చెప్పండి, పెద్దదైతే ఈ లైను మీద సాయంత్రం దాకా పోదు."

నలభై ఎనిమిదేళ్ల కృపారావు జోళ్లు విడిచిన చోటే వదిలేసి పరిగెత్తాడు. స్టూడియోలో ఆదినారాయణ ఒక కొత్త జంటని భుజాలు కలపమని బతిమాలుతున్నాడు.

"కూర్చోండి మేస్టారూ. అమ్మాయి గారు నవ్వగానే మీ పని చూస్తాను. అరగంట నుంచి నవ్వట్లేదు."

"బాబూ, మా చెల్లెలు..." అన్నాడు కృపారావు. ఫొటో చాచి నిలబడ్డాడు. ఆదినారాయణ అతని మొహం చూసి, ఉత్త కాళ్లు చూసి, కెమెరా వదిలేసి ఫొటో అందుకున్నాడు. నవ్వని పెళ్లికూతురు లేచి అతనికి తన కుర్చీ జరిపింది.

ఫ్లాపీతో తిరిగొచ్చేసరికి ఒంటిగంటా ఇరవై. సత్యశ్రీ కుర్చీ ఖాళీ చేసి అతన్ని కూర్చోబెట్టింది. ఆదివారం రాసిన అర్జీలో పద్దెనిమిది వరసలు ఉన్నాయి. మహారాజశ్రీ అని మొదలుపెట్టి, విన్నవించుకోవడానికే ఆరు వరసలు పట్టింది. ఇప్పుడు అవన్నీ ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టే టైము లేదు. కొట్టాడు:

'అయ్యా, ఈ ఫొటోలో ఉన్నది మా చెల్లెలు కరుణ. పాస్‌పోర్టు నంబరు కింద ఉంది. ఎడమ చెంప మీద కాలిన మచ్చ ఉంటుంది. పదకొండు నెలలుగా జీతం లేదు. ఈ రోజు మధ్యాహ్నం ఆమెను దేశం దాటిస్తారు. జీతం మాకు వద్దు. మనిషిని ఆపండి. ఆమె అన్న, కృపారావు, రాజోలు.'

సత్యశ్రీ నంబరు రెండుసార్లు సరిచూసి, పేజీలో ఫొటో పేరు రాసి, పేజీనీ ఫొటోనీ తన తెర మీద ఒకసారి తెరిచి చూపించింది. ఏ అందమూ లేదు. తెల్లటి తెర మీద ఒక మూల మొహం, కింద బోసిగా ఏడెనిమిది వరసలు. ఇద్దరి కళ్ల ముందు కరుణ నిటారుగా నిలబడినట్టు ఉంది.

పంపుతుంటే లైను తెగిపోయింది. ఒంటిగంటా ముప్ఫై ఎనిమిది. మళ్లీ కలిపితే అవతల బిజీ. మళ్లీ బిజీ. కృపారావు ఆ మోడెం చప్పుడు వింటూ గోడకి ఆనుకుని నిలబడ్డాడు, పెదవులు కదులుతున్నాయి గానీ మాట బయటికి రావడం లేదు. నాలుగోసారి కలిసింది. ఒంటిగంటా యాభై మూడుకి వెళ్లిందని తెర చెప్పింది.

జవాబు రాలేదు. రెండయింది. రెండున్నర అయింది. సత్యశ్రీ తన క్యారేజీలోంచి అన్నం తీసి పెడితే రెండు మెతుకులు కతికి పక్కన పెట్టాడు. శ్యామ్ సుందర్ అందుకుని బయల్దేరాడా, అందక ఆగిపోయాడా తెలిసే దారి లేదు.

ఆ కూర్చోవడంలో అతనికి ఒక పాత సంగతి గుర్తొచ్చింది. అతనికి ఇరవై ఏడేళ్లప్పుడు, అన్నాచెల్లెళ్లిద్దరూ రాజోలు టైపు ఇన్‌స్టిట్యూట్‌లో చేరారు. ఒక్కొక్కరికీ రోజుకి ఒక గంట మిషను. పరీక్ష ఇంక నెలరోజులుందనగా అతని వేగం చాల్లేదు. "నా గంట కూడా నువ్వే కొట్టుకో అన్నియ్యా," అంది కరుణ. ఆ నెలంతా అతను రెండు గంటలు కొడుతుంటే ఆమె బయట అరుగు మీద కూర్చునేది. "పరీక్ష అవగానే నీ గంట నీకిచ్చేస్తాను," అన్నాడు. అతను పాసయ్యాడు, ప్లీడరు గారి దగ్గర పనిలో చేరాడు. ఆ వేసవిలోనే ఆమెకి పెళ్లి చేసేశారు. ఆ తర్వాత సొంత షాపు పెట్టాడు, రోజంతా మిషను అతని చేతిలోనే ఉండేది. భర్త పోయాక ఆమె రెండేళ్లు రాజోలులోనే ఉంది. ఒక్క సాయంత్రం కూడా, రా, కూర్చో అనలేదు. గిరాకీ ఎక్కువుంది, తర్వాత చూద్దాం అనుకున్నాడు. అలా తర్వాత, తర్వాత అనుకున్నది ఈ బుధవారం దాకా వచ్చింది.

ఐదింటికి కేంద్రం ఫోను మోగింది. సత్యశ్రీ ఎత్తి, ఒక్క మాట విని, అతని చేతికిచ్చింది.

"అందిందండి అన్నయ్య గారూ," శ్యామ్ సుందర్ గొంతు. "ప్రింటు తీసి తీసుకెళ్లేను. నేను చెబుతుంటే సారు ఫొటోనే చూస్తా కూర్చున్నారు. చెంప మీద మచ్చ సంగతి రెండుసార్లు అడిగేరు. అప్పుడు ఫోను ఎత్తేరు. అవతలాయన అలాంటి మనిషి మా ఇంట్లో లేదన్నాడంటండి. మచ్చ ఎక్కడుందో కూడా చెప్పమంటారా అన్నారు సారు. అవతలాయన ఇంక కాదనలేదండి. సామాను ఎక్కించిన కారులోనే అక్కని ఎంబసీకి తీసుకొచ్చి దింపేరు."

కృపారావు ఏదో అనబోయాడు.

"ఉండండి, ఇక్కడే ఉంది."

ఫోను చేతులు మారిన చప్పుడైంది. తర్వాత చాలా చిన్నగా, "అన్నియ్యా," అంది కరుణ. "అన్నం తిన్నావా?"

అతను గోడ వైపు తిరిగి ఏడ్చాడు.

కాగితాలన్నీ అయి కరుణ రాజోలు చేరేసరికి జూలై ఆఖరు వచ్చింది. మనిషి సగమైంది. మొదటి వారమంతా నిద్రపోయింది. రెండో వారం ఒక సాయంత్రం షాపుకి వచ్చి, ఎవరూ చెప్పకుండానే గుడ్డ తీసుకుని బల్ల తుడిచి, కంప్యూటరు తుడిచి, కింద చీపురు కోసం వెతకడం మొదలుపెట్టింది.

"తుడవకు," అన్నాడు కృపారావు.

"దుమ్ముందన్నియ్యా."

"ఉండనీ. ఇలా వచ్చి కూర్చో." తన కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. గోడ మీద గడియారం ఐదు చూపిస్తోంది. "ఆరింటి దాకా మిషను నీది."

కరుణ గుడ్డ పట్టుకునే నిలబడింది. "నాకెందుకూ?"

"నీ గంట. ఇన్‌స్టిట్యూట్‌ది."

ఆమెకి అర్థమవడానికి కొంచెం టైము పట్టింది. "అది ఇంకా గుర్తుందా నీకు? నెల్లాళ్లన్నియ్యా, ఒక గంట కాదు."

"రేపు మళ్లీ రా."

ఆమె గుడ్డ మడిచి బల్ల చివర పెట్టి కూర్చుంది. వేళ్లు ఎక్కడ పెట్టాలో మర్చిపోయింది. కృపారావు వంగి ఆమె చూపుడు వేళ్లు రెండూ సరైన మీటల మీద పెట్టి బయటికి వచ్చేశాడు.

అరుగు మీద కూర్చోగానే శుభలేఖల కోసం ఒక పెద్దాయన సైకిలు దిగాడు. "కృపారావు గారూ, మాది అయిపోయినట్టేనా?"

"రేపు పొద్దున్న ఇస్తానండి. ఇప్పుడు మిషను ఖాళీ లేదు."

"లోపల ఎవరో కొడుతున్నారే. వారి తర్వాత మాది చూడండి."

"ఆరింటి దాకా వారిదేనండి," అన్నాడు కృపారావు, పక్కకి జరిగి పెద్దాయనకి అరుగు మీద చోటిచ్చాడు. లోపల మీటలు ఒకటొకటిగా, చాలా ఎడంగా పడుతున్నాయి.